స్క్రూజు లెక్కల పుస్తకము

చదువవలసిన భాగములు: లూకా 2:1–20, లూకా 16:19–31, నెహెమ్యా 5:1–13, మార్కు 9:33–37, లూకా 19:1–10



క్రిస్మసు మాసము వచ్చినదనగానే మన సంఘములలో నక్షత్రము కట్టుటకు వెదురు దబ్బలు వెదకుట, యౌవనస్థులు రాత్రివేళ గీతములు అభ్యసించుట, బడిపిల్లల నాటకములో కాపరుల కొరకు గొంగళ్ళు ఎరువు తెచ్చుట మొదలగును. ఈ పర్యాయము బేత్లెహేము పాఠమునకు తోడుగా ఒక కథను చేర్చి ధ్యానింప గోరుచున్నాను. అది చార్లెస్ డికెన్సు అను ఆంగ్ల గ్రంథకర్త వ్రాసిన ‘క్రిస్మస్ కేరల్’ అను చిన్న నవల. పట్టణపు బడులలో చదివిన మన పిల్లలు కొందరు దానిని ఎరుగుదురు. పెద్దలలో అనేకులు ఎరుగరు.

ఆ పుస్తకము 1843 డిసెంబరు 19వ తేదీన లండను నగరమందు వెలువడెను. మొదట అచ్చువేసిన 6,000 ప్రతులును పండుగ నాటికే చెల్లిపోయినవి. వెల 5 షిల్లింగులు. కథలోని గుమాస్తాకు వారమునకు జీతము 15 షిల్లింగులు. తనను గూర్చి వ్రాసిన పుస్తకమును తాను కొనవలెనన్న ఆ గుమాస్తా వారపు జీతములో మూడవ వంతు ఖర్చు పెట్టవలసియుండెను! గ్రంథకర్త మాత్రము పేదరికమును పుస్తకములలో నేర్చినవాడు కాడు. 1824లో అతని తండ్రి అప్పు తీర్చలేక మార్షల్సీ అను ఋణస్థుల చెరసాలలో వేయబడెను. అప్పటికి 12 ఏండ్ల బాలుడైన చార్లెసు బూట్లకు పూయు నల్లరంగు తయారుచేయు పనిశాలలో బుడ్లకు చీటీలు అంటించుచు పొట్టపోసికొనెను.

కథ క్లుప్తముగా ఇది. ఎబినేజర్ స్క్రూజు అను వడ్డీవ్యాపారి లండనులో నుండెను. భార్య లేదు, పిల్లలు లేరు. యాకోబు మార్లీ అను భాగస్థుడు చనిపోయి ఏడేండ్లైనది. క్రిస్మసు ముందటి సాయంకాలము మేనల్లుడు వచ్చి భోజనమునకు పిలువగా స్క్రూజు కసరి పంపివేసెను. బీదల కొరకు చందా అడుగ వచ్చిన పెద్దమనుష్యులను ఊరకనే త్రిప్పి పంపెను. గుమాస్తా గదిలో నిప్పుగూటికి ఒక్క బొగ్గు ముక్కకంటె ఎక్కువ వేయనిచ్చెడివాడు కాడు. ఆ రాత్రి మార్లీ భూతము అతని యింటికి వచ్చెను. దాని నడుమునకు గొలుసు. ఆ గొలుసునకు రొక్కపు పెట్టెలు, తాళములు, లెక్కల పుస్తకములు, పత్రములు. తరువాత ముగ్గురు ఒకరి వెంట ఒకరు వచ్చి గడచిన క్రిస్మసులను, ఇప్పటి క్రిస్మసును, రాబోవు క్రిస్మసును అతనికి చూపింతురు. ఆంగ్లములో వారిని ‘ఆత్మలు’ అని పిలిచిరిగాని, సంఘ పత్రికలో ఆ మాట వేరొక అర్థమునకు పోవును గనుక నేను రూపములు అనియే అందును. తెల్లవారుసరికి స్క్రూజు మారిన మనిషియై లేచెను.

ఎబినేజరు అను పేరు మనకు క్రొత్తది కాదు. మన పల్లెలలో ఆ పేరుగల తాతలు, మనుమలు గలరు. సమూయేలు ఫిలిష్తీయులను గెలిచిన తరువాత ఒక రాయి నిలిపి దానికి ‘ఎబెనెజరు’ అని పేరు పెట్టెను. సహాయపు రాయి అని దాని భావము (1 సమూయేలు 7:12). డికెన్సు కథానాయకుని పేరులో ‘సహాయము’ పోయి రాయి మాత్రము మిగిలినది. యెహెజ్కేలు 36:26 చదివినవారు మిగిలినది తామే ఊహింపగలరు.

భూతముల కథ సంఘములో ఎట్లు చదువుదుమని పెద్దలు కొందరు అడుగుదురు. అడుగవలసిన ప్రశ్నయే. మన ఊళ్ళలో జ్వరమొచ్చిన బిడ్డకు దయ్యము పట్టినదని తాయెత్తు కట్టించువారు ఇంకను ఉన్నారు. వారికి మరియొక దయ్యపు కథ అక్కరలేదు. అయినను లూకా 16వ అధ్యాయమును ప్రక్కన పెట్టుకొని చదువుడి, వింత కనబడును. అక్కడ ధనవంతుడు పాతాళమునుండి అబ్రాహామును బ్రతిమాలుకొనుచున్నాడు: లాజరును మా అన్నదమ్ముల యొద్దకు పంపుము, వారైనను తెలిసికొందురు అని. అబ్రాహాము ఒప్పుకొనలేదు. మోషేను, ప్రవక్తలను విననివారు, చనిపోయినవాడు లేచి వచ్చినను నమ్మరని అతని భావము. డికెన్సు కథలో అబ్రాహాము కాదన్నదే జరుగుచున్నది. చనిపోయినవాడు వచ్చినాడు. మరి స్క్రూజు నమ్మెనా? ఏమాత్రము లేదు. అరుగని మాంసపు ముక్క వలననో, ఉడికీ ఉడకని ఉర్లగడ్డ వలననో కలిగిన భ్రమ అని ఆ భూతమునకే చెప్పెను! తరువాత వణకెను గాని, వణకుట వేరు, మారుట వేరు. అబ్రాహాము మాట చెల్లినదనియే నా తలంపు.

మరి అతడు ఎక్కడ మారనారంభించెను? మొదటి రూపము అతనిని చిన్ననాటి బడికి తీసికొనిపోవును. తక్కిన బాలురందరు పండుగకు ఇండ్లకు పోగా ఒంటరిగా బెంచీమీద కూర్చున్న పిల్లవాడు. వాడు తానే. అక్కడ స్క్రూజు కంట నీరు పెట్టును. వెంటనే, నిన్నటి సాయంకాలము తన వాకిట పాట పాడ వచ్చిన బాలుని తరిమివేసితినే, వానికి ఏదైన ఇచ్చియుంటే బాగుండునే అని తలంచుకొనును. ఇది చిన్న విషయమువలె కనబడును. కథలో మొదటి మలుపు ఇదేనని నేనందును. భూతము బెదిరించినప్పుడు కరగనిది, తన పాత ఒంటరితనము జ్ఞాపకమునకు వచ్చినప్పుడు కరగెను. ఇశ్రాయేలీయులకు ధర్మశాస్త్రము పరదేశిని బాధింపవద్దని చెప్పునప్పుడెల్ల, మీరును ఐగుప్తులో పరదేశులై యుంటిరని జ్ఞాపకము చేయుచున్నది గదా (నిర్గమకాండము 23:9).

ఇప్పుడు చందా అడుగ వచ్చిన పెద్దమనుష్యుల యొద్దకు తిరిగి వత్తము. మన సీమకు సంబంధించిన సంగతి అక్కడ నున్నది. బీదలకు చెరసాలలు లేవా, పనిసాలలు లేవా అని స్క్రూజు అడిగెను. అక్కడికి పోవుటకంటె చచ్చుట మేలనుకొనువారు అనేకులని వారు చెప్పగా, అట్లయిన చచ్చి, అక్కరకు మించిన జనసంఖ్యను తగ్గించుట మంచిదే అనెను. ఈ మాట స్క్రూజు స్వంత మాట కాదు. ఆ కాలపు చదువరుల నోట నానుచున్న మాట. మాల్తసు అను పండితుడు 1798లో ప్రచురించిన గ్రంథమందు, ఆహారము పెరుగుటకంటె జనము పెరుగుట వేగమనియు, కరవులు, రోగములు ఆ లెక్కను సరిచేయుననియు వ్రాసెను. 1803లో పెంచి అచ్చువేసిన ప్రతిలో, పని దొరకని పేదవానికి ప్రకృతి పెట్టు విందులో విస్తరి వేయబడలేదను భావము కూడ చేర్చెను. తరువాతి ముద్రణలలో దానిని తీసివేసెను. 1834లో ఇంగ్లండులో పేదల చట్టము మారెను. పనిసాలలోని బ్రతుకు బయటి అతి హీనమైన కూలివాని బ్రతుకు కంటె కఠినముగా నుండవలెను, అప్పుడే సోమరులు రారు అని ఆ చట్టపు సూత్రము. మగడొక గదిలో, భార్య ఒక గదిలో, పిల్లలు వేరొక గదిలో.

మాల్తసు పాఠము చెప్పిన చోటు మరి ఎక్కడో కాదు, ఇండియాకు వచ్చు కంపెనీ ఉద్యోగస్థులు తర్ఫీదు పొందిన హెయిలీబరీ కళాశాల. 1805 మొదలు 1834లో చనిపోవు వరకు అక్కడ అర్థశాస్త్రము బోధించెను. కడపలో ఉద్యోగము చేసి మన భాషకు నిఘంటువు కట్టిన సి. పి. బ్రౌను దొర ఆ కళాశాల విద్యార్థియే. అయితే విద్యార్థులందరు గురువు లెక్కను ఒకే రీతిగా నేర్చుకొనరు. బ్రౌను తన జీతములోనుండి పండితులను పోషించెను, కడపలో పేదపిల్లలకు ఉచితముగా బడి పెట్టించెను. 1843లో, లండనులో ఈ పుస్తకము వెలువడిన యేట, అతడు మద్రాసులో తెలుగు తాళపత్రములు ప్రతులు వ్రాయించుచు ఉండెను.

ఆ పుస్తకము వచ్చిన 33 ఏండ్లకు మన సీమలో ధాత కరవు వచ్చెను. 1876లో నైరుతి వానలు లేవు, ఈశాన్యపు వానలును లేవు. కర్నూలు, కడప, బళ్ళారి జిల్లాలు అన్నిటికంటె ఎక్కువగా నష్టపోయినవి. ధాన్యము బొత్తిగా లేకపోలేదు. ధర మాత్రము కూలివానికి అందనంత ఎత్తునకు పోయెను. 1871 జనాభా లెక్కను 1881 లెక్కతో పోల్చి చూచిన, కర్నూలు జిల్లాలో సుమారు నాలుగవ వంతు జనము తగ్గిపోయినట్లు కనబడును. చనిపోయినవారు, వలసపోయినవారు, పుట్టవలసియుండి పుట్టనివారు, అందరును ఆ తరుగులోనివారే.

1876 క్రిస్మసు పండుగ దాటి వారము తిరిగినది. 1877 జనవరి 1న ఢిల్లీలో, విక్టోరియా రాణి చక్రవర్తిని అయినదని చాటుటకు వైస్రాయి లిట్టను ప్రభువు గొప్ప దర్బారు జరిపించెను. ఈ లిట్టను ఎవరు? డికెన్సు ప్రాణస్నేహితుడైన నవలాకర్త బుల్వర్ లిట్టను కుమారుడు. 1852లో పుట్టిన తన కడపటి కుమారునికి డికెన్సు ఆ స్నేహితుని పేరే పెట్టుకొనెను. స్క్రూజు కథ వ్రాసినవాని స్నేహితుని కుమారుడు మన కరవుకు అధిపతి ఆయెనన్నమాట. (డికెన్సు మరియొక కుమారుడు వాల్టరు కంపెనీ సేనలో చేరి మన దేశమునకు వచ్చి, 1863 డిసెంబరు 31న కలకత్తాలో చనిపోయెను. క్రిస్మసు దాటి ఆరవ దినము.)

అదే జనవరిలో లిట్టను ప్రభువు సర్ రిచర్డ్ టెంపులు అను అధికారిని కరవు ఖర్చును తగ్గించుటకై మద్రాసు రాజధానికి పంపెను. ఈ టెంపులు చరిత్రను మీరు జాగ్రత్తగా గమనింపుడి. మూడేండ్లకు ముందు, 1874లో, బీహారులో కరవు వచ్చినప్పుడు ఇతడే ధారాళముగా ఖర్చుపెట్టి, బర్మానుండి బియ్యము తెప్పించి జనులను బ్రదికించెను. ఆకలిచావులు అతి స్వల్పము. దానికి ఫలముగా, సర్కారు ధనమును నీళ్ళవలె పోసినాడని లండనులోను కలకత్తాలోను అతనిని దెప్పిపొడిచిరి. ఆ మనుష్యుడే 1877లో మన సీమకు వచ్చినప్పుడు, రాళ్ళు కొట్టి, మట్టి మోయు మగకూలికి దినమునకు ఒక పౌను ధాన్యము, దానిపై కొద్ది డబ్బు చాలునని నిర్ణయించెను. పౌను అనగా అరకిలోకు తక్కువ. మద్రాసు ఆరోగ్యశాఖాధికారియైన డాక్టరు కార్నిషు, పని చేయు దేహమునకు అది చాలదని ఎదిరించి వ్రాసెను. పనిచోట్లలో మనుష్యులు క్షీణించుట కన్నులార చూచిన పిమ్మట, కొన్ని నెలలకు మద్రాసు ప్రభుత్వము కూలిని పెంచెను. అప్పటికి ఎందరికో ఆలస్యమైనది.

స్క్రూజు ఒక్క రాత్రిలో కఠినత్వమునుండి దయకు తిరిగెను. టెంపులు దొర మూడేండ్లలో దయనుండి లెక్కకు తిరిగెను. ఇట్టి మార్పును గూర్చి కథలెవరును వ్రాయరు గాని, లోకములో ఇదియే ఎక్కువగా జరుగునని నాకు తోచుచున్నది. మంచిపని చేసినందుకు నిందపడినవాడు రెండవసారి చేయి ముడుచుకొనును. మన సంఘ కమిటీలలో కూడ దీనిని చూడవచ్చును. వేరే పెద్ద ఉదాహరణ వెదకనేల?

అయితే ఇంగ్లండంతయు లెక్కల పుస్తకమే అని చెప్పుట న్యాయము కాదు. 1877 వేసవి చివర లండను నగరాధ్యక్షుడు చందాలు పోగుచేయగా లక్షలకొలది పౌనులు వచ్చెను. కథలో చందా అడిగిన పెద్దమనుష్యులు నిజముగానే వీధులలో తిరిగిరి. ఒంగోలులో అమెరికా బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాము కాలువలో మూడు మైళ్ళకు పైగా త్రవ్వకము కాంట్రాక్టుకు తీసికొని, వేరు చోట్ల అవమానము పొందిన మాల మాదిగ కూలీలకు అక్కడ పని యిచ్చెను. ఇందులో నాకు మిక్కిలి గొప్పగా కనబడునది వేరొకటి. కరవు సాగినన్నాళ్ళు అతడు ఎవ్వరికిని బాప్తిస్మమియ్యలేదు. గంజి కొరకు మతము పుచ్చుకొనిరను మాట రాకూడదనియు, గంజికి వెల యుండకూడదనియు అతని తలంపు. సహాయపు నిధి ముగిసిన తరువాతనే, 1878 జూలై 3న, ఒక్క దినమున 2,222 మందికి గుండ్లకమ్మ నదిలో బాప్తిస్మము జరిగెను. దానముచేసి దానికి బదులు అడుగనివానిని గూర్చి లూకా 14:12–14లో ప్రభువు చెప్పినదానిని ఇక్కడ చదువుకొనవచ్చును.

ఇక అప్పుల సంగతి. రాబోవు క్రిస్మసు రూపము స్క్రూజునకు చూపిన దృశ్యములలో ఒకటి ఎక్కువమంది గమనింపరు. స్క్రూజు చనిపోయినాడు. అతనిని గూర్చి ఎవరికైన మనసు కదలినదా, చూపుమని అతడు అడుగును. అప్పుడు ఒక పడుచు దంపతుల ఇల్లు కనబడును. వారు స్క్రూజునకు బాకీదారులు. గడువు అడుగబోయిన మగడు, అప్పులవాడు చనిపోయెనన్న వార్తతో తిరిగి వచ్చును. భార్య చేతులు జోడించి దేవునికి స్తోత్రము చేయును, వెంటనే సిగ్గుపడి క్షమాపణ వేడుకొనును. ఆ యింట ఆ రాత్రి గుండెలు తేలికపడినవి. ఒక మనుష్యుని చావు మరియొక ఇంట సంతోషమైనది! ఇంతకంటె భయంకరమైన దృశ్యము ఆ పుస్తకములో లేదు. సమాధి రాయి దీనిముందు ఎంత?

నెహెమ్యా 5వ అధ్యాయమును మన సీమవారు సులభముగా గ్రహింపగలరు. కరవు వచ్చినది. పొలములు, ద్రాక్షతోటలు, ఇండ్లు కుదువ పెట్టి ధాన్యము తెచ్చుకొనిరి. రాజు పన్నుకు అప్పు చేసిరి. కుమారులను, కుమార్తెలను దాస్యమునకు అప్పగించిరి. అప్పిచ్చినవారు పరదేశులు కారు, స్వజనులు, ఒకే గుడిలో మ్రొక్కువారు. నెహెమ్యా 11వ వచనములో తిరిగి ఇచ్చివేయుమన్నది నూరవ భాగము. అది నెలకు నూటికి ఒకటి అని అనేకులు వివరింతురు. అనగా మన లెక్కలో రూపాయి వడ్డీ! దానిని మనవారు ధర్మవడ్డీ అందురు. నెహెమ్యా దానిని కూడ విడిచిపెట్టుమనెను. నేడు మన ఊళ్ళలో రెండు రూపాయలు సామాన్యము, మూడు రూపాయలు వాడుక, అవసరము ముంచుకొచ్చినవానికి ఐదును అడుగుదురు. ఐదు రూపాయల వడ్డీ అనగా ఏటికి నూటికి అరువది. ప్రోనోటు వ్రాయించుకొనువారిలో, ఆదివారము మొదటి వరుసలో కూర్చుండువారు ఎవరును లేరని నేను చెప్పజాలను.

ఆ ప్రోనోటులలో కొన్ని డిసెంబరు మాసములోనే వ్రాయబడుచున్నవి. ఇంటిల్లిపాదికి క్రొత్త బట్టలు, అల్లునికి మర్యాద, పొట్టేలు మాంసము, ఇంటిమీద దీపముల తోరణము. జనవరిలో శనగ కోత సరిగా రాకపోయిన, క్రిస్మసు బాకీ ఉగాదికి, ఉగాది బాకీ తిరిగి క్రిస్మసుకు. క్రాచిట్టు ఇంట పండుగ భోజనమును డికెన్సు ఎట్లు వర్ణించెనో చూడుడి. ఎనిమిది మందికి ఒక బాతు. ఇంట పొయ్యి చాలదు గనుక రొట్టెలవాని బట్టీలో కాల్పించి తెచ్చుకొనిరి. చిన్న ఎముక తునక తప్ప మరేమియు మిగులకుండ తినిరి. తరువాత గిన్నెలో ఉడికించిన చిన్న పిండివంట. అంతమందికి అది చిన్నదని ఒక్కరును అనలేదు, అనుకొననైనను లేదు. తల్లి రవికె రెండుసార్లు త్రిప్పి కుట్టినది. దానికి క్రొత్త రిబ్బను కుట్టుకొనినది. ఆ యింట పండుగకు అప్పు చేసినట్లు కథలో ఎక్కడను లేదు. రాగి సంగటి, కోడికూర, నాలుగు ఓళిగలు పెట్టుకొని, ఉతికిన బట్టలతో గుడికి వచ్చిన కుటుంబమును, ఈ యేడు పట్టుచీర లేదా అని మనము అడుగకుండ నుందుమా? ఆ ప్రశ్నయే సగము అప్పులకు మూలము.

ఇప్పటి క్రిస్మసు రూపము తన వస్త్రము క్రిందనుండి ఇద్దరు పిల్లలను బయటికి తీయును. చిక్కి శల్యమైన బాలుడు, బాలిక. బాలుని పేరు అజ్ఞానము, బాలిక పేరు లేమి. ఇద్దరిలోను బాలునికే ఎక్కువ భయపడుమని స్క్రూజునకు హెచ్చరిక. డికెన్సు ఆ యేడు సెప్టెంబరులో లండనులో దరిద్రుల పిల్లలకై నడుచు ఫీల్డు లేను బడిని స్వయముగా చూచి వచ్చెను. గనులలోను, పనిశాలలలోను పిల్లలచేత చేయించు పనిని గూర్చిన ప్రభుత్వ నివేదికలను చదివి మొదట ఒక కరపత్రము వ్రాయదలచి, అది మాని ఈ కథ వ్రాసెను.

మన యొద్ద ఈ ఇద్దరు పిల్లలు సుగ్గికి పోవుదురు. కర్నూలు జిల్లా పడమటి మండలములైన కోసిగి, కౌతాళము, పెద్దకడుబూరు ప్రాంతములవారికి ఈ మాటను విడమరచి చెప్పనక్కరలేదు. పంట ముగిసిన తరువాత ఇంటికి తాళము వేసి, గుంటూరు సీమకు మిరపకాయ కోతకు కుటుంబములు కదలిపోవును. పెద్దపిల్లవాడు కాయ కోయును, చిన్నపిల్ల చంటిదానిని ఎత్తుకొనును. బడి రిజిస్టరులో పేర్లు ఉండును, బెంచీలు ఖాళీ. వలసపోయినవారి పిల్లల కొరకు కొన్ని గ్రామములలో ఆ కాలమునకు హాస్టళ్ళు తెరచిరి. అది మంచి ఏర్పాటు. ఒక డిసెంబరులో మేము గీతములు పాడుచు పోగా ఒక వాకిట తాళము కనబడెను. ప్రక్కింటి అవ్వను అడిగితిమి. “సుగ్గికి పాయిరి అయ్యగారూ. పండగ దాకా ఉంటే అప్పులోడు ఊరుకుంటాడా?” అనెను. మా పిల్లలు అక్కడనే నిలిచి, తాళము వేసిన తలుపు ఎదుట ఒక గీతము పాడిరి. పాడుమని వారికి ఎవరును చెప్పలేదు.

క్రాచిట్టు కుమారుడు చిన్న తిమోతి కుంటివాడు. క్రిస్మసు నాడు తండ్రి భుజముమీద గుడినుండి వచ్చుచు, జనులు నన్ను చూచియుందురు, మంచిదే. కుంటివారిని నడిపించినవాడెవరో, గ్రుడ్డివారికి చూపిచ్చినవాడెవరో పండుగనాడు వారికి జ్ఞాపకము వచ్చును అనెనట. రాబోవు క్రిస్మసులో ఆ బాలుడు లేడు. ఆ యింట అన్న పేతురు గ్రంథము తెరచి చదువుచుండగా స్క్రూజునకు వినబడునది మార్కు 9:36. శిష్యులు తమలో ఎవడు గొప్పవాడని వాదులాడుకొనుచుండగా ప్రభువు ఒక బిడ్డను తెచ్చి వారి మధ్య నిలిపిన భాగమది. డికెన్సు ఆ వాక్యమును సగములోనే విడిచిపెట్టును. తరువాతి 37వ వచనమును చదువరి తానే వెదకి చదువుకొనవలెను.

ఈ పుస్తకములో బేత్లెహేము ఎక్కడ అని విమర్శించువారు గలరు. నిజమే, తొట్టి లేదు, కాపరులు లేరు. మేనల్లుడు పండుగ యొక్క పరిశుద్ధ మూలమును ఒక్క మాటలో చెప్పును. కడపట స్క్రూజు గుడికి పోయెనని ఒక్క వాక్యము. విందు, ఆట, నవ్వులకు పుటలు పుటలు. సువార్త చాలదని నేనును ఒప్పుకొందును. డికెన్సు తరువాత తన పిల్లల కొరకు యేసు చరిత్రను సులభమైన మాటలతో వ్రాసెను. తాను బ్రదికియుండగా దానిని అచ్చు వేయనియ్యలేదు, 1934లో అది వెలువడెను. అయినను ఈ కథకు లూకా 2వ అధ్యాయమునకు ఒక సంబంధము కలదు. ఆ అధ్యాయము మొదలగునది జనాభా లెక్కతోనే! కైసరు లోకమంతటికి ప్రజాసంఖ్య వ్రాయుమనెను. అందరు లెక్కింపబడిన ఆ రాత్రి, సత్రములో స్థలము లేనిది ఒక గర్భిణికి. మాల్తసు లెక్కలో అక్కరకు మించినవాడెవడు, విస్తరి వేయబడనివాడెవడు అని అడిగిన, కైసరు గుమాస్తా వ్రేలు ఆ తొట్టివైపు చూపియుండును.

కడపటి మాట స్క్రూజు ఇచ్చిన చందాను గూర్చి. మరునాటి ఉదయము అతడు నిన్నటి పెద్దమనుష్యుని వీధిలో కలిసికొని, చెవిలో ఒక మొత్తము చెప్పెను. విన్నవాని ఊపిరి ఆగినంత పనియైనది. అందులో చాల పాత బాకీలు కలిసియున్నవని స్క్రూజు విప్పి చెప్పెను. దానము అనలేదు, బాకీ అనెను. జక్కయ్య కూడ భోజనపు బల్లయొద్ద లేచి, ఆస్తిలో సగము బీదలకు అనిన తరువాత, అన్యాయముగా తీసికొనినదానికి నాలుగంతలు అని వేరుగా చెప్పెను (లూకా 19:8). రెండును ఒకటి కావు. స్క్రూజు గుమాస్తా జీతమును పెంచినది చందా ఇచ్చిన తరువాత, మరునాడు ఆఫీసులో. యాకోబు 5:4 దానికి వ్రాయబడినది. ఆ చెవిలో చెప్పిన మొత్తమెంతో డికెన్సు మనకు చెప్పలేదు. స్త్రీల సమాజములోను, యౌవనుల కూటములోను ఈ నెల నాలుగు వారములు ఈ భాగములను చదువునప్పుడు నెహెమ్యా 5ను మొదట చదువుడి. ప్రోనోటులున్నవారు ఆ వారమునకు తప్పక రావలెనని నా మనవి.